నగర వైద్యుడు పాట్రిక్ గెడ్డిస్

సిద్దిపేట పాత ఊరిలోని ఒక సన్నని గల్లీని మనస్సులో నిలుపుకొనవచ్చును. ఇరువైపుల ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉండును. ముందు అరుగు, అరుగు దాటితే దర్వాజ, లోపల ఒకదాని వెనుక ఒకటిగా అర్రలు. అందులో ఒక నేతపనివాని ఇంటి స్థలం వెడల్పు 5.5 మీటర్లు, పొడవు 22 మీటర్లు అనుకొందాము. తాతలనాటి పెంకుటిల్లు వానకు నాని కూలినది. అక్కడనే క్రొత్త ఇల్లు కట్టుకొనవలెను. 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ సంఖ్య ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారము, 100 చదరపు మీటర్లకు పైబడి 200 వరకు ఉన్న స్థలంలో 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి ముందు 1.5 మీటరు, తక్కిన మూడు వైపుల ఒక్కొక్క మీటరు ఖాళీ జాగా వదలవలెను. దీనినే జనం సెట్‌బ్యాక్ అంటారు. ప్రక్కల రెండు మీటర్లు పోగా మిగిలేది మూడున్నర మీటర్లు; గోడల మందం తీసివేస్తే మూడు మీటర్లు చిల్లర. అందులో గుంట మగ్గం ఎక్కడ వేయవలెను? పడుగు ఎక్కడ సాగదీయవలెను? పిల్లలు ఎక్కడ పడుకొనవలెను? గొల్లభామ చీర అంచున తలపై చల్లకుండ పెట్టుకొని నడిచే ఆ బొమ్మలు పుట్టినది ఇటువంటి ఇరుకు అర్రలలోనే.

వెడల్పుకు నాలుగింతల పొడవు గల సన్నని స్థలాలకు ఆ ఉత్తర్వులోనే ఒక సడలింపు ఉన్నది. ప్రక్కల తగ్గిన జాగాను ముందూ వెనుకా వదలి సరిపెట్టుకొనవచ్చును. కాని అక్కడ కూడ ప్రక్కన ఒక మీటరు తప్పదు. కనుక ఆ నేతపనివాడు మినహాయింపు కోరుతూ పురపాలక సంఘానికి అర్జీ పట్టుకొని పోవును. అర్జీ అందుకొన్న అధికారిని తప్పుపట్టుటకు వీలులేదు. గాలి, వెలుతురు, మురుగు పోయే దారి, నిప్పంటుకొన్నప్పుడు నీళ్ళబండి దూరే సందు, ఇవన్నీ ఆ ఒక్క మీటరులోనే ఉన్నవి. గీత నిజమే, ఇల్లూ నిజమే. ఈ రెండింటి నడుమ తీర్పు చెప్పవలసినవాడు బల్లమీది పటమును మాత్రమే చూచి చెప్పరాదనీ, ఆ గల్లీలో కాలు మోపి, ఆ ఇంటి గుమ్మం దాటి చూచి చెప్పవలెననీ, వంద ఏండ్లకు పూర్వమే మన దేశపు ఊళ్ళను ఎండలో కాలినడకన తిరిగి వాదించిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు పాట్రిక్ గెడ్డిస్. ఇంజనీరు కాడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు నేలతో ఆయనకు సంబంధమున్నదన్న సంగతి మనలో పెక్కుమందికి తెలియదు.

గెడ్డిస్ జన్మించినది 1854 అక్టోబరు 2న, స్కాట్లండులోని బాలటర్ అనే చిన్న ఊరిలో. పదునైదేండ్ల తరువాత అదే తేదీన పోరుబందరులో గాంధీజీ పుట్టినారు. తండ్రి అలెగ్జాండర్ సైన్యంలో పనిచేసినవాడు, తల్లి జానెట్. బిడ్డలలో పాట్రిక్ కడపటివాడు. అతని పసితనంలోనే కుటుంబం పెర్త్ పట్టణపు అంచున, కొండవాలు మీది ఒక కుటీరానికి చేరినది. ఆ ఇంటి వెనుక తోట ఉండెను. తండ్రి చేయి పట్టుకొని తోటలో మొలకలు చూచుట, కొండ ఎక్కి క్రింద పరచుకొన్న ఊరిని ఒక్క చూపులో చూచుట, ఇవే ఆ పిల్లవాని మొదటి పాఠాలు. తరువాతి కాలంలో ఆయన ఏ ఊరికి పోయినా ముందుగా ఎత్తైన చోటు వెదకికొని ఎక్కేవారు. ఊరు మొత్తం కనబడిన తరువాతనే సందులలోకి దిగేవారు.

చదువు తిన్నగా సాగలేదు. కొంతకాలం ఒక బ్యాంకులో గుమాస్తా పని చేసినారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదువబోయి వారంరోజులకే విడిచిపెట్టినారు. ఎండబెట్టి అంటించిన ఆకులను చూచి పేర్లు వల్లించే చదువు ఆయనకు రుచింపలేదు. లండనులో థామస్ హక్స్‌లీ వద్ద చేరి జీవశాస్త్రం నేర్చినారు. పట్టాలు లేకనే పండితుడైనారు. విశ్వవిద్యాలయాలు పట్టము లేనివానిని ఆచార్యపదవికి తీసుకొనుట ఎక్కడైనా అరుదే. ఆయన విషయంలో అది జరిగినది. 1888లో డండీ కళాశాలలో వృక్షశాస్త్ర ఆచార్యులైనారు. ఏడాదిలో వేసవి కాలమే పాఠాలు. తక్కిన నెలలు ఆయనవే. ఆ ఏర్పాటు లేకపోయినచో ఆ మనిషి ప్రపంచం తిరిగి ఊళ్ళు చూచియుండుట కల్ల.

అంతకు ముందు, 1879లో, మెక్సికోలో ఒక ఆపద వచ్చినది. శిలాజాలు, మొక్కలు సేకరించుటకు పోయినవారికి అకస్మాత్తుగా కన్నులు కనబడకుండ పోయినవి. వారాల తరబడి చీకటిగదిలో కండ్లకు గంతలు కట్టుకొని పడియుండవలసి వచ్చినది. సూక్ష్మదర్శిని ముందు కూర్చుండవలసిన ఇరువదియైదేండ్ల శాస్త్రజ్ఞునికి అంతకు మించిన శిక్ష లేదు. ఆ చీకటిలో ఒకనాడు కిటికీ చేతికి తగిలినది. చట్రంలోని గళ్ళను వ్రేళ్ళతో తడుముతూ, ఒక్కొక్క గడికి ఒక్కొక్క భావాన్ని పేరుగా పెట్టి, ఏ గడికి ఏ గడి పొరుగో ఆలోచించుట మొదలుపెట్టినారు. చూపు తిరిగి వచ్చినది కాని సూక్ష్మదర్శినితో ఎక్కువసేపు పనిచేసే శక్తి రాలేదు. నాటినుండి కాగితమును మడతలు పెట్టి గళ్ళుగా చేసి ఆలోచించుట ఆయనకు జీవితాంతపు అలవాటైనది. ఆ గళ్ళలో మాటిమాటికి వచ్చే మూడు మాటలు స్థలం, వృత్తి, జనం. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని విడదీసి చూచినా ఊరు అర్థం కాదని ఆయన నమ్మకం. మన నేతపనివాని ఇంటిలో స్థలమును మాత్రమే కొలిచి, మగ్గమును మరచినవాడు చేసే పొరపాటు ఇదే.

1886లో అన్నా మోర్టన్‌ను వివాహమాడినారు. నవదంపతులు కాపురం పెట్టిన చోటు చూచి బంధువులు విస్తుపోయినారు. ఎడింబరో పాతబస్తీలో జేమ్స్ కోర్ట్ అనే చోట, ఒకనాడు ధనికులు కాపురముండి విడిచిపోగా పేదలతో క్రిక్కిరిసి, మెట్లపైన మురుగు పారే ఎత్తయిన పాత కట్టడాలలో వారు ఇల్లు తీసుకొన్నారు. గెడ్డిస్ దంపతులు తామే చీపురు పట్టి, సున్నం వేసి, కిటికీలలో పూలకుండీలు పెట్టినారు. పొరుగువారిని పిలిచి, ఇంటిని బాగుచేసుకొనే పని చేతులతో చేసి చూపినారు. ఎక్కడ ఒక కూలిన కొట్టము ఉన్నదో దానిని మాత్రమే తీసివేసి, ఆ ఖాళీలో చెట్టు నాటి, చుట్టుప్రక్కల ఇండ్లకు వెలుతురు పడేటట్లు చేసినారు. విద్యార్థులకు వసతిగృహాలు నెలకొల్పినారు. బస్తీ మొత్తాన్ని నేలమట్టం చేసి సూటిగా వీధులు వేయుటయే ఆ కాలపు నగర సంస్కరణ. దానికి ఎదురుగా ఒక్క చెట్టు నీడ, ఒక్క గోడ తొలగింపుతో ఎంత మార్పు వచ్చునో జేమ్స్ కోర్టులో ఆయన చూచినారు. ఆ దంపతుల సొంత డబ్బు, అప్పుతెచ్చిన డబ్బు కూడ ఆ పనిలో చాలవరకు కరగిపోయినది.

1892లో ఎడింబరో కోట సమీపంలో ఒక బురుజును చేజిక్కించుకొని దానిని నగర పరిశీలనాలయంగా మార్చినారు. పై అంతస్తున ఊరినంతటిని బల్లమీద బొమ్మగా చూపే అద్దాల గది. ఒక్కొక్క అంతస్తు దిగుతూ పోతే నగరం, స్కాట్లండు, ఐరోపా, ప్రపంచం. బడిపిల్లలకు భూగోళం చెప్పే ఉపాధ్యాయులు ఈ అమరికను ఒకసారి తలచుకొనుట మంచిది. గెడ్డిస్ ప్రపంచపటం నుండి మొదలుపెట్టలేదు, పిల్లవాని వీధినుండి మొదలుపెట్టినారు.

1900లో పారిస్ మహాప్రదర్శన సందర్భమున ఆయనకు స్వామి వివేకానందునితో, సోదరి నివేదితతో పరిచయం బలపడినది. ఊరినీ, వృత్తినీ, జనాన్నీ కలిపి చూచే గెడ్డిస్ పద్ధతికి తాను ఎంత ఋణపడినదో నివేదిత భారతీయ జీవనాన్ని గురించి 1904లో వెలువరించిన తన గ్రంథంలో చెప్పుకొన్నది. ఈ దేశంలో అడుగుపెట్టుటకు పదునాలుగేండ్ల ముందే ఆయన చూపు ఇటు తిరిగియుండెను.

పిలుపు వచ్చినది మద్రాసు నుండి. అప్పటి గవర్నరు లార్డ్ పెంట్‌లండ్ స్కాట్లండువాడు, గెడ్డిస్‌ను ఎరిగినవాడు. నగరాల పటాలు, చిత్రాలు, నమూనాలతో గెడ్డిస్ కూర్చిన ప్రదర్శనను మద్రాసుకు తెప్పించి, మునిసిపాలిటీలకు కన్ను తెరిపించవలెనని ఆయన కోరిక. 1914లో పెట్టెలన్నీ క్లాన్ గ్రాంట్ అనే ఓడకు ఎక్కినవి. గెడ్డిస్, ఆయన పెద్దకొడుకు అలస్టేర్ వేరొక ఓడలో బయలుదేరినారు. ఆ సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురుతొట్లు తగులబెట్టిన జర్మను యుద్ధనౌక ఎమ్డెన్‌ను మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనేవారు. అదే ఎమ్డెన్ అక్టోబరులో క్లాన్ గ్రాంట్‌ను ముంచివేసినది. ముప్పదియేండ్లు ప్రోగుచేసిన సంపద సముద్రం పాలైనది. గెడ్డిస్ ఇల్లు తిరిగి పోలేదు. స్నేహితులు ఇంగ్లండులో పటాలు మళ్ళీ సేకరించి పంపగా, 1915 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ సెనేట్ భవనంలో ప్రదర్శన జరిగినది. మునిగిన ఓడ సంగతి తెలియనివారికి అక్కడ ఏదో పోయినదన్న జాడయే కనబడలేదట.

ప్రదర్శన ముగిసినది, అసలు పని అప్పుడు మొదలైనది. తంజావూరు, మధుర, బళ్ళారి మొదలైన ఊళ్ళను చూచి ఆయన నివేదికలు వ్రాసినారు. తంజావూరు కోటలోని ఇరుకు పేటలకు మునిసిపాలిటీవారు ఒక పథకం సిద్ధం చేసియుంచినారు. పటంపైన రూళ్ళకర్ర పెట్టి నిలువు గీతలు, అడ్డగీతలు గీసినారు. ఆ గీతల కింద ఏ ఇండ్లు వచ్చినవో అవి పోవలెను. గెడ్డిస్ ఆ పటాన్ని చేతబట్టుకొని ఆ పేటలలో నడిచినారు. ఏ ఇల్లు గట్టిది, ఏది కూలుటకు సిద్ధంగా ఉన్నది, ఏది కూలి పెంటకుప్ప అయినది, ఎక్కడ బావి, ఎక్కడ గుడి, ఎక్కడ వేపచెట్టు, అన్నీ గుర్తు పెట్టినారు. ఆ గుర్తులతో చూస్తే పటం మరొక విధంగా కనబడినది. కూలిన ఇండ్ల జాగాలను కలిపితే చిన్న చిన్న ముంగిళ్ళు ఏర్పడుచున్నవి. ఒక పాడుగోడను తీసివేస్తే మూసుకొనిపోయిన గల్లీ తెరుచుకొనుచున్నది. ఒక మంచి ఇల్లు వీధిలోకి ఒక గజం ముందుకు వచ్చియున్నచో, దానిని కోయనక్కరలేదు. దాని ఎదుటివైపు ఉన్న శిథిలం నుండి ఆ గజం తీసుకొనవచ్చును. వీధి అన్ని చోట్ల ఒకే వెడల్పు ఉండనవసరం లేదు. ఇరుకైనచోట ఇరుకుగా, ఖాళీ దొరికినచోట విశాలంగా సాగవచ్చును. మునిసిపాలిటీ పథకానికి అయ్యే ఖర్చులో చిన్న వంతుతో ఈ పని అయ్యేదని ఆయన లెక్కకట్టి చూపినారు. ఇల్లు పోయి వీధినపడే కుటుంబాల సంఖ్య ఎంతో తగ్గేది.

ఈ పద్ధతికి ఆయన శస్త్రవైద్యం నుండి పేరు తీసుకొన్నారు. తెలుగులో దానిని సంరక్షక శస్త్రచికిత్స అనవచ్చును. మంచి వైద్యుడు వ్రేలు కుళ్ళితే చేయి నరకడు. కోయుటకు ముందు నాడి చూచును. నాడి చూడని వైద్యం మీద గెడ్డిస్‌కు కోపం మెండు. లాహోరు పాతనగరానికి తయారైన ఒక పథకంలో గుళ్ళు, మసీదులు, ధర్మశాలలు, దుకాణాలు తేడాలేకుండ గీతల క్రింద పడియుండుట చూచి 1917లో ఆయన వ్రాసిన నివేదిక తీవ్రమైనది. ఇంజనీర్లు ఆయనను ఇష్టపడకపోవుటలో వింతలేదు.

ఇండ్లనే కాదు, ఇంటి లోపలి జీవితాన్ని కూడ ఆయన చూచినారు. ముంగిట ముగ్గు, పెరటి తులసికోట, అలికిన అరుగు చూచినప్పుడు, ఆ ఇల్లాలికి శుభ్రత నేర్పనక్కరలేదనీ, ఆమె వీధికి కాస్త జాగా, కాస్త నీరు ఇస్తే చాలుననీ ఆయన అభిప్రాయపడినారు. చెరువుల విషయంలోనూ అంతే. దోమలు పుట్టునని ఊరిచెరువులను పూడ్చివేయుమని ఆరోగ్యాధికారులు చెప్పే రోజులవి. చేపలను, బాతులను పెంచి దోమపిల్లలను తినిపించవలెననీ, చెరువు ఊరికి చల్లదనమనీ గెడ్డిస్ వాదించినారు. సిద్దిపేట కోమటిచెరువు కట్టమీద సాయంకాలం షికారు పోయేవారికి ఈ వాదం వివరించి చెప్పనక్కరలేదు.

1917 ఆయన జీవితంలో కడు చెడ్డ ఏడు. ఏప్రిల్ నెలలో అలస్టేర్ ఫ్రాన్సు రణరంగంలో మరణించినాడు. తండ్రికి కుడిభుజమై, మద్రాసు ప్రదర్శనలో పెట్టెలు విప్పి పటాలు తగిలించిన కొడుకు అతడే. తంతి వచ్చిన వేళకు అన్నా జబ్బుపడి మంచంపై ఉన్నది. గెడ్డిస్ ఆ వార్త ఆమెకు చెప్పలేకపోయినారు. కొడుకు పాత ఉత్తరాలను క్రొత్తగా వచ్చినట్లు చదివి వినిపించినారని చెప్పుదురు. కొడుకు పోయినాడని ఎరుగకుండనే ఆమె జూన్‌లో కన్నుమూసినది. జేమ్స్ కోర్టు మురికిమెట్లను తనతోపాటు కడిగిన ఇల్లాలు పోయిన తరువాత, అదే ఏడు ఆయన పట్టణం తరువాత పట్టణం నడుస్తూ నివేదికల మీద నివేదికలు వ్రాసినారు. దుఃఖాన్ని పనిలో ముంచివేసినారని కొందరు మెచ్చుకొనవచ్చును. పని ఒక విధమైన పలాయనమేమో అని ఆయన స్నేహితులు కొందరైనా అనుకొనియుందురు.

మరుసటి యేడు ఇండోర్. ఇది నిజామాబాదుకు పాతపేరైన మన ఇందూరు కాదు, హోల్కరుల రాజధాని. అక్కడ ప్లేగు, మలేరియా పీడించుచుండెను. పటాలు పట్టుకొని గల్లీలలో తిరిగే తెల్లగడ్డపు ముసలివానిని చూచి జనం భయపడినారు. ఇల్లు కూలగొట్టుటకు వచ్చినాడని వారి అనుమానం. ఊళ్ళలో పటాలతో వచ్చినవారి చరిత్ర అటువంటిది. గెడ్డిస్ మహారాజును ఒక వింత వరం అడిగినారు. దీపావళి ఉత్సవం నడిపే అధికారం తనకు ఇవ్వవలెను. ఊరేగింపు ఎప్పుడూ పోయే బాటన కాక, ఇండ్లు బాగుచేసుకొని, వీధి శుభ్రం చేసుకొన్న పేట గుండా పోవునని చాటింపు వేయించినారు. ఇక చూడవలెను! ఊరంతా గోడలకు సున్నం కొట్టినది, వేల బండ్ల చెత్త ఊరు దాటినది. ఊరేగింపులో ప్లేగుకు గుర్తుగా పెద్ద ఎలుక బొమ్మ, మురికి రాక్షసుల బొమ్మలు నడిచినవి. చివరకు వాటిని తగులబెట్టినారు. వీధులూడ్చే పాకీవారు క్రొత్తబట్టలు కట్టి, పూలదండలు వేసుకొని, ఊరేగింపులో గౌరవస్థానంలో నడిచినారు. ఆ కాలానికి అది సామాన్యమైన సంగతి కాదు. తాను వ్రాసిన నివేదికలలో ఇండోర్ నివేదిక పెద్దది, అందరూ మెచ్చినది. కాని ఆ ఒక్క దీపావళి ఆ గ్రంథం కంటె ఎక్కువ పని చేసినదని చెప్పవచ్చును.

ఆయనలో లోపాలు లేకపోలేదు. మాట్లాడుట మొదలుపెడితే ఆపుట తెలియదు. గడ్డంలోకి గొణుగుకొనే ఆ కంఠం ముందువరుసకు కూడ సరిగా వినబడేది కాదు. వ్రాత మెలికలు తిరిగినది. మొదలుపెట్టిన పనులు పెక్కు, ముగించినవి కొన్ని. ఈ దేశపు భాషలు రాకపోయినా జనం మనసు తనకు తెలిసినదన్న ధీమా ఉండెను. అన్నిటికంటె పెద్ద చిక్కు ఆయన పద్ధతిలోనే ఉన్నది. ఒక్కొక్క గల్లీకి ఒక్కొక్క గెడ్డిస్ కావలెను. గీత గీయుటకు గుమాస్తా చాలును. ఎక్కడ గీతను వంచవలెనో తెలుసుకొనుటకు కండ్లున్న మనిషి నడవవలెను. అటువంటివాడు లేనప్పుడు గీతను వంచే అధికారం మాత్రమే మిగులును. అది పలుకుబడి గలవాని మేడకు వంగి, నేతపనివాని గోడ దగ్గర నిటారుగా నిలుచును. నడిచి చూచి ఇచ్చిన సడలింపు వేరు, చూడకుండ ఇచ్చినది వేరు. ఖాళీ వదలక కట్టిన ఇండ్లను రుసుము పుచ్చుకొని క్రమబద్ధం చేయుటకు తెలంగాణ ప్రభుత్వం 2015లో ఒక పథకం ప్రకటించినది. అది మూడవ త్రోవ. ఇల్లు లేచిన తరువాత గీతను కొలిచే త్రోవ. గెడ్డిస్ కోరినది ఇల్లు కట్టక మునుపు వచ్చి చూచేవానిని.

ఆయన నివేదికలు చాలవరకు బీరువాలలో పడిపోయినవి. అయితే మద్రాసులో రగిలిన ఆసక్తి వృథా కాలేదు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చినది. మద్రాసు రాజ్యంలోని తెలుగు జిల్లాలలో అమలైన ఆ చట్టమే తరువాత తెలంగాణకు కూడ విస్తరించినది. 2012 నాటి 168వ ఉత్తర్వు తన అధికారానికి ఆధారంగా చెప్పుకొన్న చట్టాలలో 1920 నాటి ఈ చట్టమొకటి. రోడ్డు వెడల్పుకు తన నేలను విడిచిపెట్టిన ఇంటివానికి ఖాళీ జాగాల విషయంలో సడలింపు ఇచ్చే ఏర్పాటు ఆ ఉత్తర్వులో ఉన్నది. ఒకచోట తీసుకొన్న గజానికి మరొకచోట గజం ఇచ్చుట తంజావూరు పేటలలో గెడ్డిస్ చేసిన లెక్కకు దూరపు చుట్టమే.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయం ఆయనను సమాజశాస్త్ర, పౌరశాస్త్ర ఆచార్యునిగా పిలిచినది. మరుసటి యేడు జగదీశచంద్రబోసు జీవితచరిత్ర వెలువరించినారు. రవీంద్రనాథుని విశ్వభారతికి ఆలోచనలు అందించినారు. చిన్నకొడుకు ఆర్థర్ శ్రీనికేతనంలో పనిచేసినాడు. హైదరాబాదు నుండి పిలుపు వచ్చినది ఈ కాలంలోనే. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పటికి నగరం నడుమ గన్‌ఫౌండ్రీ ప్రాంతపు కిరాయి భవనాలలో నడుచుచుండెను. దానికి శాశ్వతమైన చోటు చూడవలెను. గెడ్డిస్ స్థలాన్ని పరిశీలించి 1923లో తన నివేదిక సమర్పించినారు. నగరానికి తూర్పున అడిక్‌మెట్ గుట్టల మీద, బండరాళ్ళ నడుమ, గాలి ఆడే విశాలమైన నేల. పక్క గోడ లేని చోటు అది. ఎవని ఇల్లూ కోయనక్కరలేని చోటు. జీవితమంతా ఇరుకు సందులలో ఒక్కొక్క గజం కోసం పోరాడిన మనిషికి, విశ్వవిద్యాలయం కోసం అటువంటి నేల కంటబడుట చిత్రమే.

ఆరోగ్యం చెడి 1924లో భారతదేశం విడిచినారు. దక్షిణ ఫ్రాన్సులోని మోంపెల్యే దగ్గర రాతినేల కొని అక్కడ స్కాట్ విద్యార్థుల కళాశాల కట్టుట మొదలుపెట్టినారు. 1925లో పాలస్తీనాలోని టెల్ అవీవ్‌కు పట్టణ ప్రణాళిక వ్రాసినారు. ఒకప్పుడు వద్దన్న సర్ బిరుదాన్ని 1932 ఆరంభంలో స్వీకరించి, దానిని అందుకొనుటకు చలికాలంలో లండను పోయి జబ్బుపడినారు. మోంపెల్యే చేరిన తరువాత, 1932 ఏప్రిల్ 17న, తన డెబ్బదియెనిమిదవ యేట కన్నుమూసినారు.

అడిక్‌మెట్‌లో పునాదిరాయి పడినది ఆయన పోయిన రెండేండ్లకు, 1934 జూలై 5న. భవనాల నమూనాలు బెల్జియం శిల్పి జాస్పర్ సిద్ధం చేసినవి. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కళాశాల తలుపులు తెరిచినారు. ఆనాటి నుండి సిద్దిపేట, మెదకు, కరీంనగరం తాలూకాల పిల్లలు పెట్టె నెత్తిన పెట్టుకొని హైదరాబాదు చేరి, ఆ గుట్టమీది చెట్ల నీడన నడిచి ఆ మెట్లెక్కి చదువుకొన్నారు. వారిలో ఇరుకు గల్లీల ఇండ్ల నుండి, మగ్గాల ఇండ్ల నుండి పోయినవారు కూడ ఉన్నారు.